ఉడికిన టమాటా, కాల్చిన చెస్ట్‌నట్: బాబాయ్ గ్లూకోమీటర్ తేల్చిన పంచాయితీ

పోయిన చలికాలం మా బాబాయ్, పిన్ని విజయనగరం నుంచి మా దగ్గరికి వచ్చారు, మేముండేది జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో. అక్టోబర్‌లో దిగారు, క్రిస్మస్ అయ్యాక వెళ్లారు. బాబాయ్‌కి పన్నెండేళ్ల నుంచి షుగర్. ఇక్కడ నవంబర్ చివర్లో క్రిస్మస్ మార్కెట్లు మొదలవుతాయి, అక్కడ పెద్ద ఇనప పెనాల మీద చెస్ట్‌నట్స్ కాల్చి కాగితం పొట్లాల్లో పోసి అమ్ముతారు, మన బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తులు కాల్చినట్టే అన్నమాట, ఆ చలిలో ఆ వాసన తగిలాక ఆగకుండా పోవడం ఎవరివల్లా కాదు. "ఏంట్రా ఇవి" అన్నాడు. చెస్ట్‌నట్స్ బాబాయ్ అన్నాను. "నట్సా? అయితే పర్లేదు, డాక్టర్ గారు రోజూ గుప్పెడు నట్స్ తినమన్నారు" అని ఒక పొట్లం ఖాళీ చేసి, నడుస్తూ నడుస్తూ నా పొట్లంలోవి కూడా సగం లాగించేశాడు. తప్పు నాదే, చెప్పాల్సింది, కానీ నాకూ అప్పటికి తెలీదు. ఇంటికొచ్చి పిన్ని పెట్టిన టమాటా చారుతో ఎప్పట్లాగే అన్నం తిన్నాడు, రెండు గంటలాగి మీటర్ పెడితే 290 చూపించింది.

ఇంక చూడండి రాత్రి పదిన్నరకి పంచాయితీ. "నా చారులో ఏముంది, రామ్ములక్కాయలు, కాస్త చింతపండు, మిరియం, అంతే కదా, దానికెందుకు పెరుగుతుంది, ఆ కాల్చిన గింజలే చేశాయి" అని పిన్ని. మా పిన్ని ఇప్పటికీ టమాటాని రామ్ములక్కాయ అనే అంటుంది, మా వైపు పెద్దవాళ్లు అంతే. బాబాయ్ రిటైర్డ్ లెక్కల మాస్టారు, ఊరుకుంటాడా, ఫోన్‌లో ఏదో టేబుల్ తీసి పెద్దగా చదవడం మొదలెట్టాడు. వంద గ్రాముల ఉడికిన టమాటాలో పీచు 0.7 గ్రాములు, కాల్చిన చెస్ట్‌నట్‌లో 5.1. పొటాషియం ఇక్కడ 218 మిల్లీగ్రాములు, అక్కడ 592. ఆఖరికి విటమిన్ సి కూడా టమాటాలో 22.8, చెస్ట్‌నట్‌లో 26. "చూశావా, అన్నిట్లోనూ నా నట్సే గెలిచాయి, నీ చారులో నీళ్లు తప్ప ఏం లేదు" అన్నాడు.

ఆ ఆఖరి ముక్క వెటకారానికి అన్నాడు గానీ మొత్తం కిటుకు అందులోనే ఉంది.

ఆ అంకెలు తప్పేం కాదు, అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల డేటాలో ఉన్నవే. మన దగ్గర హైదరాబాద్ తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్, అంటే జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో వేసిన పట్టికలు కూడా చాలా బావుంటాయి, 528 రకాల తిండి సరుకులున్నాయి, కాకపోతే అవి దాదాపుగా పచ్చి సరుకు లెక్కలు, మనకి ఇక్కడ కావాల్సింది వండాక ఎంత అని, పైగా రెండింటినీ ఒకే తక్కెడలో తూచాలి కాబట్టి నేను కూడా అమెరికా లెక్కలే పట్టుకున్నాను. వంద గ్రాముల ఉడికిన టమాటాలో 94 గ్రాములు నీళ్లే. మిగిలింది ఆరు గ్రాములు కూడా లేదు, ఆ ఆరు గ్రాముల్లోనే పీచు, చక్కెర, పులుపు, రంగు, విటమిన్లు అన్నీ సర్దుకోవాలి. కాల్చిన చెస్ట్‌నట్‌లో నీళ్లు 40 గ్రాములు, అసలు సరుకు 60 గ్రాములు. అంటే వంద గ్రాములకి వంద గ్రాములు అని పక్కపక్కన పెట్టామంటే ఆరు గ్రాముల సరుకుని అరవై గ్రాముల సరుకుతో కుస్తీకి దింపినట్టు. పది రెట్లు బరువున్నవాడు గెలిస్తే అందులో గొప్పేముంది. అసలు ఆశ్చర్యం ఏంటంటే పదో వంతు సరుకుతో టమాటా విటమిన్ సి లో దాదాపు సమానంగా నిలబడింది, బాబాయ్ ఆ లైను దగ్గర ఆగి ఆలోచించాల్సింది.

అందుకని ఇంకో రకంగా లెక్క కడదాం అన్నాను, క్యాలరీలు సమానం చేసి. టమాటా వంద గ్రాములకి 18 క్యాలరీలు, కాల్చిన చెస్ట్‌నట్ 245. వంద క్యాలరీలు రావాలంటే చెస్ట్‌నట్స్ ఐదు గింజలు చాలు, టమాటా అయితే ఉడికినవి 555 గ్రాములు, అరకిలో పైమాటే. ఇప్పుడు బల్ల తిరగబడింది చూడండి. విటమిన్ సి టమాటాలో 127 మిల్లీగ్రాములు, చెస్ట్‌నట్‌లో 11 కూడా రాదు. పొటాషియం 1,211కి 242. పీచు 3.9 గ్రాములకి 2.1. ఆఖరికి ప్రొటీన్ కూడా, టమాటాలో 5.3 గ్రాములు, నట్ అని పేరు పెట్టుకున్నదాంట్లో 1.3. పిన్ని మొహం వెలిగిపోయింది. కానీ నిజం చెప్పాలంటే ఇది కూడా సరైన లెక్క కాదు, ప్రొటీన్ కోసం అరకిలో టమాటాలు ఉడకబెట్టుకుని తినే మనిషిని నేనింతవరకూ చూళ్లేదు.

మనిషి ఒక పూట నిజంగా ఎంత తింటాడో అంతే పెట్టుకుని చూస్తే గానీ విషయం తేలదు. పది కాల్చిన చెస్ట్‌నట్ పప్పులు తొక్క తీశాక 84 గ్రాములు తూగుతాయి, 206 క్యాలరీలు, పిండి పదార్థాలు నలభై నాలుగున్నర గ్రాములు. ఈ అంకె చూడగానే నాకు ఎక్కడో చూసినట్టుంది అనిపించి అదే డేటాలో తెల్లన్నం తీశాను. ఒక కప్పు అన్నం, 158 గ్రాములు, 205 క్యాలరీలు, పిండి పదార్థాలు నలభై నాలుగున్నర. ఒక్క క్యాలరీ తేడా! ఉడికించిన చెస్ట్‌నట్స్ అయితే వంద గ్రాములకి 131 క్యాలరీలు, వంద గ్రాముల అన్నం 130. బాబాయ్, నువ్వు తిన్నది నట్స్ కాదు, దారిలో ఒక ప్లేటు అన్నం తినేసి ఇంటికొచ్చి మళ్లీ అన్నం తిన్నావు అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసుకుని తనే మళ్లీ లెక్క చేసుకున్నాడు, మాస్టారు కదా.

పేరు దగ్గరే మనం దొరికిపోతాం. నట్స్ అనగానే మనకి బాదం, జీడిపప్పు, వాల్‌నట్, పల్లీ గుర్తొస్తాయి, నూనె గింజలు. బాదంలో వంద గ్రాములకి కొవ్వు దాదాపు 50 గ్రాములు, ప్రొటీన్ 21. పల్లీలో కొవ్వు 49, ప్రొటీన్ 26 దాకా. చెస్ట్‌నట్‌లో కొవ్వు 2.2, ప్రొటీన్ 3.2. షుగర్ వాళ్లని డాక్టర్లు గుప్పెడు నట్స్ తినమనేది ఎందుకంటే అందులో కొవ్వూ ప్రొటీనే ఎక్కువ, పిండి తక్కువ, రక్తంలో చక్కెర అంతగా ఎగబాకదు, పొట్ట నిండినట్టుంటుంది. చెస్ట్‌నట్ సరిగ్గా దానికి రివర్స్. విచిత్రం ఏంటంటే వృక్షశాస్త్రం ప్రకారం చెస్ట్‌నట్టే అసలైన నట్టు, బాదం ఏమో పండులో టెంక లోపలి పప్పు, పల్లీ అయితే కంది పెసర జాతిది. శాస్త్రం ఒకటి చెప్తుంది, పొట్ట ఇంకోటి చెప్తుంది. మా పిన్ని మర్నాడు ఒకటి నోట్లో వేసుకుని ఒక్క మాటలో తేల్చేసింది, "పనస పిక్కల్లా ఉన్నాయిరా ఇవి, కాస్త తియ్యగా". అదీ పోలిక అంటే. పనస పిక్కల్ని కుంపట్లో కాల్చుకుని తిన్నవాళ్లకి చెస్ట్‌నట్ గురించి వేరే చెప్పక్కర్లేదు, ఆ పిండి పిండిగా ఉండే నమలడం, గోరువెచ్చగా ఉన్నప్పుడే తొక్క వూడటం, చల్లారితే మొండికెయ్యడం, అన్నీ సేమ్.

ఫ్రాన్స్‌లో సెవెన్ (Cévennes) అనే కొండ ప్రాంతంలో, కోర్సికా దీవిలో, ఇటలీ కొండ ఊళ్లలో గోధుమ సరిగ్గా పండని నేలల్లో వందల ఏళ్లు జనం బతికింది దీని మీదే, ఆ చెట్టుని రొట్టె చెట్టు అనే పిలిచేవాళ్లు. పొగ పెట్టి ఎండబెట్టి, పిండి ఆడించి దాచుకునేవాళ్లు. కోర్సికాలో ఆ పిండిని మరిగే నీళ్లలో పోసి కర్రతో కలియబెట్టి ముద్దగా చేస్తారు, పులెండా అంటారు, అచ్చం మన రాగి సంకటి వ్యవహారమే. అంటే అది పుట్టిన చోట కూడా దాన్ని టైంపాస్ గింజలా చూడలేదు, అన్నంలాగే చూశారు, పొట్లంలో పోసి అమ్మడం మొదలయ్యాక మనలాంటివాళ్లు పొరపాటు పడుతున్నాం.

కాబట్టి ఉడికిన టమాటా మంచిదా చెస్ట్‌నట్ మంచిదా అని అడగడం అంటే అన్నం మంచిదా కూర మంచిదా అని అడగడమే. ఒకటి కంచంలో కుప్ప, ఇంకోటి దాని పక్కన ఉండేది. అడగాల్సింది చెస్ట్‌నట్‌ని అన్నంతో పోలిస్తే ఎలా ఉంది, టమాటాని మిగతా కూరలతో పోలిస్తే ఎలా ఉంది అని.

అన్నంతో పోలిస్తే చెస్ట్‌నట్ చాలా మెరుగే, అది ఒప్పుకోవాలి. ఉడికించిన చెస్ట్‌నట్‌లో వంద గ్రాములకి 715 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటే తెల్లన్నంలో 35. అన్నంలో విటమిన్ సి సున్నా, ఇందులో 26.7. పది కాల్చిన గింజల్లో పీచు 4.3 గ్రాములు, ఫోలేట్ అనే బి విటమిన్ 59 మైక్రోగ్రాములు, కాపర్, మాంగనీసు, బి6 కూడా చెప్పుకోదగ్గట్టే ఉన్నాయి. ప్రొటీన్ మాత్రం అన్నం కన్నా కాస్త తక్కువ, ఉడికినవాటిలో 2 గ్రాములు, అన్నంలో 2.7. మన బియ్యంలోనే ప్రొటీన్ లేదు అని ఏడుస్తుంటాం, దీంట్లో ఇంకా తక్కువ, అందుకే దీన్ని బాదం బదులు పెట్టుకోవడం అసలు కుదరదు.

ఇంక టమాటా దగ్గరికి వస్తే ఇక్కడ అసలు ముడి వండటం గురించి. పచ్చిది మంచిదా ఉడికింది మంచిదా అని మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే గొడవే. అదే అమెరికా డేటా తీసి చూస్తే ఒక తమాషా కనిపిస్తుంది, పచ్చి టమాటాలో విటమిన్ సి 13.7, ఉడికినదాంట్లో 22.8. ఉడకబెడితే విటమిన్ సి పుట్టుకొచ్చిందా? ఎక్కడన్నా ఉందా ఆ విడ్డూరం, వేడికి అది చస్తుంది గానీ పుట్టదు. జరిగిందేంటంటే ఆ రెండు వరసలూ ఒకే టమాటావి కావు, వేర్వేరు శాంపిళ్లు, వేర్వేరు కాలంలో కొలిచినవి, టమాటా రకాన్ని బట్టి, ఎండని బట్టి, ఎంత పండింది అన్నదాన్ని బట్టి విటమిన్ సి బాగా మారిపోతుంది. మదనపల్లె మార్కెట్ యార్డుకి ఒక్క రోజులో వచ్చే క్రేట్లలోనే ఎన్ని రకాలుంటాయో చూసినవాళ్లకి ఇది అర్థమవుతుంది, గట్టిగా రాయిలా ఉండే హైబ్రిడ్ ఒకటి, పట్టుకుంటే రసం కారే నాటుది ఒకటి, రెండింటికీ కలిపి ఒక్క అంకె వేస్తే అది సగటు అవుతుందే తప్ప మీ చేతిలో ఉన్న టమాటాది అవ్వదు. టేబుల్‌లో పక్కపక్కన ఉన్నాయి కదా అని తీసివేత లెక్క చెయ్యకూడదు.

వండితే ఏమవుతుందో తెలియాలంటే ఒకే టమాటాల్ని తీసుకుని వేడి చేస్తూ కొలవాలి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు అది చేశారు, 2002లో అచ్చయింది. 88 డిగ్రీల దగ్గర రెండు నిమిషాలు, పదిహేను నిమిషాలు, అరగంట ఉంచి చూశారు. విటమిన్ సి రెండు నిమిషాలకే 10 శాతం పోయింది, అరగంటకి 29 శాతం పోయింది. లైకోపీన్ మాత్రం, అంటే టమాటాకి ఆ ఎర్రరంగు ఇచ్చేది, రెండు నిమిషాలకి 54 శాతం, పదిహేను నిమిషాలకి 171 శాతం పెరిగింది, అరగంటకి 164 దగ్గర ఆగింది. ఇక్కడ కూడా లైకోపీన్ కొత్తగా తయారవ్వలేదు, పచ్చి టమాటాలో అది కణాల గోడల లోపల గడ్డకట్టినట్టు ఇరుక్కుని ఉంటుంది, వేడికి గోడలు మెత్తబడి బయటికి వస్తుంది, కొలతకి అందుతుంది. ఆ పదిహేను నిమిషాలన్న అంకె నాకు భలే నచ్చింది, మా పిన్ని టమాటాలు మగ్గబెట్టేది కూడా అటూ ఇటుగా అంతసేపే, మూత పెట్టి, తొక్క విడిపోయి నూనె పక్కకి తేలేదాకా.

నూనె సంగతి కూడా ఉత్తినే అనట్లేదు. లైకోపీన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, నూనె లేకపోతే పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లడానికి దారి దొరకదు. మేముండే ఊళ్లోనే, డ్యూసెల్‌డార్ఫ్ యూనివర్సిటీలో, 1997లో ఒక చిన్న స్టడీ చేశారు, లైకోపీన్ మోతాదు ఒకటే ఉండేలా పచ్చి టమాటాలు ఒకసారి, ఉడికించి చిక్కబెట్టిన టమాటా పేస్టు ఒకసారి, రెండుసార్లూ మొక్కజొన్న నూనెతోనే ఇచ్చి రక్తంలో కొలిస్తే పేస్టు తిన్నప్పుడు లైకోపీన్ గరిష్ఠ స్థాయి రెండున్నర రెట్లు ఎక్కువ వచ్చింది. కొద్దిమంది మీద చేసిందే, దాన్ని పట్టుకుని గంతులెయ్యక్కర్లేదు గానీ తర్వాత వచ్చిన పరిశోధనలు కూడా ఆ దారిలోనే ఉన్నాయి. కాబట్టి మన టమాటా పచ్చడి, మూకుట్లో నూనె వేసి మగ్గించి రోట్లో నూరి పోపు పెట్టేది, ఈ విషయంలో సలాడ్ కన్నా ముందుంటుంది, ఉప్పు మాత్రం చూసుకోవాలి. చారులో నూనె చాలా తక్కువ కదా అంటే, అదే పూట పప్పులో వేసుకునే నెయ్యి కూడా లెక్కలోకి వస్తుంది, కడుపులోకి వెళ్లాక చారు వేరు పప్పు వేరు అని ఉండదు.

చారుకి ఇంకో సుగుణం ఉంది. విటమిన్ సి నీళ్లలో కరిగేది, కూరగాయలు ఉడికించి నీళ్లు పారబోస్తే దాంతోపాటు పోతుంది, చారులో ఆ నీళ్లే మనం తాగుతాం, వేడికి పోయింది పోగా మిగిలింది గిన్నెలోనే ఉంటుంది. ఒక చిన్న గిన్నెడు ఉడికిన టమాటా, 120 గ్రాములు అనుకుందాం, 27 మిల్లీగ్రాముల విటమిన్ సి. మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్లు 2020లో చెప్పినదాని ప్రకారం మగవాళ్లకి రోజుకి 80, ఆడవాళ్లకి 65 కావాలి. మూడో వంతు పైన ఒక్క గిన్నెలో వచ్చేసింది, 22 క్యాలరీల ఖర్చుతో. టమాటా పప్పు గురించి కూడా ఒక్క మాట, పప్పులో ఉండే ఇనుము మన ఒంటికి సరిగ్గా పట్టదు, పక్కన విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది, మన అమ్మమ్మలు పులుపు కోసమే వేసి ఉండొచ్చు గానీ జోడీ మాత్రం అదిరింది.

లైకోపీన్ గురించి వాట్సాప్‌లో తిరిగేవి మాత్రం అన్నీ నమ్మకండి. 1995లో హార్వర్డ్ వాళ్లు దాదాపు 48 వేల మంది మగవాళ్ల ఆహారపు అలవాట్లు చూసి, వారానికి పదిసార్లకి మించి టమాటా వంటకాలు తినేవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 35 శాతం తక్కువగా ఉందన్నారు, అప్పట్నుంచి టమాటాకి ఒక హీరో ఇమేజ్ వచ్చేసింది. తినేవాళ్లలో తక్కువగా ఉంది అంటే టమాటా వల్లే తగ్గింది అని కాదు కదా. 2005లో అమెరికాలో ఆహారం, మందుల మీద నియంత్రణ ఉండే ఎఫ్‌డీఏ ఉన్న ఆధారాలన్నీ చూసి ఇది చాలా పరిమితమైన ప్రాథమిక సమాచారం మాత్రమే అని తేల్చేసింది. రోజుకి ఇంత లైకోపీన్ తినాలి అన్న మోతాదు కూడా ఎవరూ పెట్టలేదు. పైగా చాలామంది లైకోపీన్ అంటే విటమిన్ ఎ అనుకుంటారు, కానే కాదు, ఒంట్లో విటమిన్ ఎ గా మారేది బీటా కెరోటిన్, అది టమాటాలో ఉంది గానీ క్యారెట్ అంత లేదు. చెస్ట్‌నట్‌లో అయితే ఈ రంగుల వ్యవహారమే లేదు, ఆ ఒక్క విషయంలో రెండింటికీ అసలు పోటీ లేదు.

చెస్ట్‌నట్‌ని వండటంలో కూడా ఒక మెలిక ఉంది, దీన్ని బాబాయే పట్టాడు. కాల్చినదాంట్లో విటమిన్ సి 26, ఉడికించినదాంట్లో 26.7, అంటే ఎలా వండినా ఒకటే కదరా అన్నాడు, ఒక్క నిమిషం ఆగి, కాదు కాదు, నీళ్లు తీసెయ్యాలి అని తనే కాగితం మీద లెక్క వేశాడు. కాల్చినదాంట్లో నీళ్లు 40 గ్రాములు, ఉడికినదాంట్లో 68. నీళ్లు పక్కన పెట్టి అసలు సరుకు గ్రాముకి ఎంత అని చూస్తే పచ్చిదాంట్లో 0.84 మిల్లీగ్రాములు, ఉడికినదాంట్లో కూడా 0.84, కాల్చినదాంట్లో 0.44. అంటే ఆ టేబుల్ ప్రకారం కాల్చితే సగం పోయింది, ఉడికిస్తే దాదాపు పోనే లేదు. ఇవి కూడా వేర్వేరు శాంపిళ్లే అయ్యుండొచ్చు కాబట్టి టమాటాకి చెప్పిన జాగ్రత్త దీనికీ వర్తిస్తుంది, కానీ ఆ ముసలాయన రాత్రి పదకొండున్నరకి కళ్లజోడు పైకి నెట్టుకుని ఆ భాగహారం చేస్తుంటే నాకు ముచ్చటేసింది.

ఇంట్లో కాల్చుకునేవాళ్లకి ఒక మాట. గుండ్రంగా ఉన్న వైపు చాకుతో అడ్డంగా గాటు పెట్టాలి, పెంకు తెగి లోపలి పప్పుకి కాస్త తగిలేంత. నేను మొదటి సంవత్సరం ఈ ముక్క తెలీక అలాగే ఓవెన్‌లో పెట్టేశాను, పది నిమిషాల తర్వాత దీపావళి, లోపల ఆవిరి పోవడానికి దారి లేక ఒక్కోటీ పేలి ఓవెన్ గోడలంతా తెల్ల పిండి, ఆ వీకెండ్ అంతా దాన్ని గోకడంతోనే సరిపోయింది. గాటు పెట్టి 200 డిగ్రీల్లో ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు ఉంచితే గాటు దగ్గర పెంకు విచ్చుకుంటుంది, వేడి వేడిగా ఉన్నప్పుడే పైన పెంకూ లోపల సన్న పొరా రెండూ తీసెయ్యాలి, ఆ పొర వగరుగా ఉంటుంది. బాదంలా డబ్బాలో పోసి షెల్ఫులో పెట్టే సరుకు కూడా కాదు ఇది, పచ్చిదాంట్లో సగం నీళ్లే కాబట్టి బూజు పడుతుంది, ఫ్రిజ్‌లో పెట్టాలి. ఒకసారి ఊరెళ్తూ సూట్‌కేసులో కిలో తీసుకెళ్తే అమ్మ జీడిపప్పు డబ్బాలో పోసి అటక మీద పెట్టింది, రెండు వారాలకి మూత తీస్తే పచ్చటి నూగు. అప్పట్నుంచి ఉడికించి వ్యాక్యూమ్ ప్యాక్ చేసినవే తీసుకెళ్తున్నాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇక్కడ యూరప్‌లో ఉండే మనవాళ్లందరికీ. అక్టోబర్‌లో పార్కుల్లో, రోడ్ల పక్కన నిగనిగలాడే గోధుమరంగు గింజలు రాలి ఉంటాయి, మా పిన్ని మొదటి వారంలోనే హ్యాండ్‌బ్యాగ్ నిండా ఏరుకొచ్చింది, ఊరికే పోతున్నాయి కదా అని. అవి హార్స్ చెస్ట్‌నట్స్, వేరే జాతి, విషం, తినకూడదు. తేడా కాయ మీదే తెలుస్తుంది, తినే చెస్ట్‌నట్ కాయ ముళ్లపందిలా ఉంటుంది, సన్నటి ముళ్లు ఒత్తుగా, చేత్తో పట్టుకోలేం, లోపల రెండు మూడు గింజలుంటాయి, గింజకి ఒక మొన, దాని మీద చిన్న కుచ్చు ఉంటుంది. విషపుది ఉమ్మెత్తకాయలా ఉంటుంది, ఆకుపచ్చ తొక్క మీద అక్కడక్కడా మొద్దు ముళ్లు, గింజ గుండ్రంగా, మొన లేకుండా. ఉమ్మెత్తకాయ అనగానే పిన్ని బ్యాగు మొత్తం చెత్తబుట్టలో బోర్లించి చేతులు రెండుసార్లు కడుక్కుంది. ఇవి చాలవన్నట్టు వాటర్ చెస్ట్‌నట్ అని ఇంకోటి ఉంది, ఆ పేరుతోనే రెండు మొక్కలున్నాయి, ఒకటి ఉత్తరాది వాళ్లు ఉపవాసాలకి వాడే సింఘాడా, ఇంకోటి చైనీస్ వంటల్లో కరకరలాడేది, రెండూ చెరువుల్లో పెరిగేవే, వాటి లెక్కలు దీనికి వెయ్యకూడదు.

కిడ్నీ సమస్య ఉండి డాక్టర్ పొటాషియం తగ్గించమన్నవాళ్లకి ఈ గెలుపోటములన్నీ తలకిందులవుతాయి, పది చెస్ట్‌నట్స్‌లో దాదాపు 500 మిల్లీగ్రాములుంది, టమాటా కూడా కప్పులకి కప్పులు తింటే తక్కువేం కాదు, వాళ్లు ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్‌నే అడగాలి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు టమాటా ముట్టకూడదు అనే మాట మాత్రం ఎక్కువ చేసి చెప్పిందే, టమాటాలో రాళ్లు కట్టించే ఆక్సలేట్ పాలకూరతో పోలిస్తే చాలా చాలా తక్కువ. గుండెల్లో మంట ఉన్నవాళ్లకి ఆ పులుపు పడకపోవచ్చు, అది వేరే సంగతి. రబ్బరు గ్లవుజులు వేసుకుంటే దద్దుర్లు వచ్చేవాళ్లు కొందరికి చెస్ట్‌నట్ కూడా పడదు, అరటిపండు, అవకాడో, కివీ లాంటివి కూడా ఆ లిస్టులోవే.

బాబాయ్ చెస్ట్‌నట్స్ మానలేదు, మానమని నేనూ అనలేదు. తిన్న రోజు రాత్రి అన్నం మానేసి ఎనిమిది గింజలు, పక్కన టమాటా పప్పు, గిన్నెడు చారు, ఒక గుడ్డు పెట్టుకునేవాడు, మొదటిసారి అలా తిన్నాక మీటర్ 168 చూపిస్తే ఫోటో తీసి విజయనగరంలో ఉన్న తన వాకింగ్ ఫ్రెండ్స్‌కి పంపాడు. పిన్నికి మాత్రం చారులోకి అన్నం లేకుండా గింజలేంటి అని చివరిదాకా చిరాకే. ఈ డిసెంబర్‌కి మళ్లీ వస్తామన్నారు, పిన్నేమో చారుపొడి తెస్తానంది, బాబాయ్ ఏమో మీటర్ స్ట్రిప్పులు ఈసారి రెండు డబ్బాలు ఎక్స్‌ట్రా తెస్తానన్నాడు.